మిషను సేవలో నిరుత్సాహాన్ని తట్టుకోవడం, ఆనందాన్ని నిలుపుకోవడం ఎలా?

లోకం మోర్మన్లని పిలిచే యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము తరఫున సువార్త ప్రకటించే మిషను సేవకు వెళ్లే యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు ఇల్లు విడిచి ఉంటారు. హైదరాబాదు, రాజమహేంద్రవరం, విశాఖపట్నం వంటి చోట్ల నుంచి బయలుదేరే మన పిల్లల్లో చాలామంది అప్పటిదాకా అమ్మ చేతి వంట తప్ప మరొకటి రోజూ తిని ఎరగరు, తమ గదిని పరాయి మనిషితో పంచుకుని ఎరగరు. అలాంటివారికి ఒక్కసారిగా తెలియని ఊరు, నోరు తిరగని భాష, రోజంతా జంటగా పనిచేయవలసిన, నిన్నటిదాకా ముఖపరిచయం లేని సహచరుడు, రోజులో పదిసార్లు ‘వద్దు’ అనే మాట వినవలసిన పని ఎదురవుతాయి. ఇప్పటికే సేవలో ఉండి మనసు చిన్నబుచ్చుకుంటున్న ఎల్డర్లకూ (మిషనరీ యువకులకూ) సిస్టర్లకూ (మిషనరీ యువతులకూ), సేవకు రమ్మనే పిలుపు ఉత్తరం అందుకుని సామాను సర్దుకుంటున్నవారికీ ఉపయోగపడాలని ఈ సూచనలు రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో స్థిరపరచుకోండి. నిరుత్సాహం కలగడం విశ్వాసం సన్నగిల్లిందనడానికి రుజువు కాదు. బైబిలుతో పాటు ఈ సంఘం లేఖనంగా ఎంచే మోర్మన్ గ్రంథంలో, మోషైయ అనే రాజు కుమారులు 14 సంవత్సరాలు తమకు శత్రువులైన లామానీయుల మధ్య సేవ చేశారు, వేలమందిని విశ్వాసంలోకి నడిపించారు. ఆ సేవను తలచుకుంటూ పొంగిపోయిన, వారిలో ఒకడైన అమ్మోనే, తమ హృదయాలు కృంగిపోయి వెనుదిరిగి వెళ్లిపోబోయిన రోజులు ఉన్నాయని అదే గ్రంథంలోని ఆల్మా అనే భాగం 26వ అధ్యాయంలో తన నోటితో చెప్పాడు. ఆ ఆనందమూ ఆ కృంగుబాటూ ఒకే అధ్యాయంలో, ఒకే మనిషి మాటల్లో ఉన్నాయి. కాబట్టి కృంగిన రోజున మిమ్మల్ని మీరు దోషిగా నిలబెట్టుకోకుండా, కింద చెప్పిన పనులను ఒక్కొక్కటిగా చేయండి.

ముందుగా కారణం ఎక్కడుందో తేల్చుకోండి

‘ఏమీ బాగోలేదు’ అనే మాట దగ్గర ఆగిపోకండి, ఎందుకంటే ఆ మాటకు మందు లేదు. ఒక కాగితం తీసుకుని గత మూడు రోజుల్లో ఎన్ని గంటలు నిద్రపోయారో, ఏమి తిన్నారో, ఎవరు మాట ఇచ్చి తప్పారో, సహచరుడితో ఏ విషయంలో మాట పడిందో, ఇంటి నుంచి ఏ వార్త వచ్చిందో రాయండి. రాసి చూసుకుంటే ఆత్మీయ సంక్షోభమని మీరు భయపడినది చాలాసార్లు నాలుగు రాత్రుల నిద్రలేమిగానో, ఇంటి మీద బెంగగానో, సహచరుడు అన్న ఒక్క మాట తాలూకు నొప్పిగానో తేలుతుంది. దేనికి దానికి వేరే చికిత్స ఉంది. బెంగకు ఉపవాసం, నిద్రలేమికి అపరాధభావం, గొడవకు మౌనం పనిచేయవు.

రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయాన్ని ఈ దృష్టితో మరొకసారి చదవండి. కర్మెలు పర్వతం మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా, ఆ తరువాత ఎక్కువ కాలం గడవకముందే అరణ్యంలో బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు, మందలించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు చూపించాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి, ముందు చాలా ప్రయాణం ఉందని చెప్పి మళ్లీ తినమన్నాడు. ఇక్కడ నీకేమి పని అన్న ప్రశ్న ప్రభువు నుంచి వచ్చింది అతను హోరేబు చేరిన తరువాతే. ప్రవక్త విషయంలోనే దేవుడు పాటించిన వరుస ఇది: తిండి, నిద్ర, ఆ తరువాతే ప్రశ్నలు. మీరూ ఈ వరుసనే పాటించండి.

అంటే ఆచరణలో చేయవలసినవి చాలా మామూలు పనులు. రాత్రి పదిన్నరకు దీపం ఆర్పమని మిషనరీలకు చెప్పేది ఊరికే కాదు. ఆర్పిన తరువాత దుప్పటి కింద ఫోను చూడకండి. సిద్ధపాటు దినాన, అంటే మీరంతా పి-డే అని పిలుచుకునే రోజున, వారానికి సరిపడా బియ్యం, కందిపప్పు, కూరగాయలు తెచ్చుకుని గదిలోనే వండుకోండి. ఢిల్లీ వైపు పంపబడిన తెలుగు పిల్లలు వారాల తరబడి బయటి రొట్టెలతో, నూడుల్స్‌తో కాలక్షేపం చేసి, పొట్ట పాడై, దాన్ని మనసు బలహీనత అనుకుంటారు. ఒక సీసా గోంగూర పచ్చడి, వేడి అన్నం చేసే మేలును తక్కువగా చూడకండి. అక్కడి చలికాలానికి తగిన స్వెట్టరు, మందమైన దుప్పటి కొనడానికి డబ్బు చాలకపోతే మొహమాటపడకుండా మిషను కార్యాలయానికి చెప్పండి. ఉదయం అరగంట వ్యాయామం మానకండి.

మిషనరీ జీవితానికి అలవాటుపడటం గురించి సంఘం 2013లో ఒక చిన్న పుస్తకం వెలువరించింది. అందులో ఒత్తిడిని నాలుగు రంగులుగా విభజించారు. ఆకుపచ్చ అంటే పని బరువుగా ఉన్నా మోయగలుగుతున్నారని, పసుపు అంటే ఇబ్బంది పడుతున్నా తేరుకుంటున్నారని, నారింజ అంటే అలసట రోజుల తరబడి వదలడం లేదని, ఎరుపు అంటే సాయం లేకుండా ముందుకు పోలేని స్థితి అని స్థూలంగా అర్థం చేసుకోవచ్చు. ప్రతి ఆదివారం రాత్రి మీరూ మీ సహచరుడూ ఆ వారం మీ రంగు ఏమిటో ఒకరికొకరు చెప్పుకునే అలవాటు చేసుకోండి. ‘నేను కుమిలిపోతున్నాను’ అని చెప్పడానికి నోరు రాని పిల్లవాడు కూడా ‘ఈ వారం నారింజ’ అని చెప్పగలుగుతాడు. రెండు వారాలు వరుసగా నారింజలోనే ఉంటే ఆ విషయం మీ ఇద్దరి మధ్యే ఉంచుకోవద్దు.

ఏ లెక్క మీ చేతిలోదో, ఏది కాదో వేరుచేయండి

మిషనులో నిరుత్సాహానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదేనని నా నమ్మకం, కనుక దీని దగ్గర కొంచెం నిలుస్తాను. కొత్తగా ఎంతమంది నేర్చుకుంటున్నారు, ఆరాధనకు ఎంతమంది వచ్చారు, బాప్తిస్మానికి ఎంతమంది తేదీ పెట్టుకున్నారు అనే అంకెలు ప్రతి వారమూ మీరు పంపవలసిందే. ఆ అంకెలు అవసరమైనవే, ఎందుకంటే వాటి వెనుక మనుషులున్నారు, వారిని మరచిపోకుండా ప్రణాళిక వేసుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ అవి మీ విలువను తూచే తూకపురాళ్లు కావు. ఎదుటి మనిషికి దేవుడు ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చాడు, ఆ స్వేచ్ఛను ఆయనే తీసివేయడు. ఆయన తీసివేయని దాని ఫలితానికి మీరు మీ మీద నేరం మోపుకోవడం న్యాయం కాదు. మిషనరీల చేతిలో ఉండే మార్గదర్శక గ్రంథం కూడా మిమ్మల్ని ఇతర మిషనరీలతో పోల్చుకోవద్దనీ, మీ విజయం ముఖ్యంగా మీ కోరికలో, నిబద్ధతలో ఉందనీ చెబుతుంది.

ఆచరణలో దీన్ని ఇలా చేయండి. రాత్రి ప్రణాళిక వేసుకునేటప్పుడు నోటుపుస్తకంలో ఒక గీత గీసి, ఎడమ వైపు పూర్తిగా మీ చేతిలో ఉన్న పనులు రాయండి: ఫలానా కుటుంబం కోసం పేరుపేరునా ప్రార్థించడం, రేపటి పాఠాన్ని హిందీలో రెండుసార్లు బిగ్గరగా చదువుకోవడం, మూడు వారాలుగా ఆరాధనకు రాని సభ్యురాలి ఇంటికి వెళ్లడం. కుడి వైపు ఇతరుల నిర్ణయం మీద ఆధారపడినవి రాయండి: వారు తలుపు తీయడం, చదవడం, రావడం. మరునాటి రాత్రి ఎడమ వైపు ఉన్నవాటికే మిమ్మల్ని మీరు జవాబు అడుక్కోండి. కుడి వైపు ఉన్నవాటిని ప్రార్థనలో దేవునికి అప్పగించండి.

ఒక ఆటో డ్రైవరు ఆదివారం ఆరాధనకు కుటుంబంతో వస్తానని మాట ఇచ్చాడనుకోండి. మీరు శనివారం సాయంత్రం గుర్తుచేశారు, ఆదివారం ఉదయం ఫోను చేశారు, ఆరాధన మొదలయ్యేదాకా మందిరం గేటు దగ్గర నిలబడ్డారు. చివరికి ఫోను మోగుతుంది: ‘ఎయిర్‌పోర్టు కిరాయి తగిలింది బ్రదర్, వచ్చే వారం చూద్దాం.’ లోపల కీర్తన మొదలైంది, మీరు ఖాళీ చేతులతో వెనుక వరుసలో కూర్చున్నారు. ఆ రాత్రి పుస్తకం తెరిచి చూడండి. గుర్తుచేయడం, ఫోను చేయడం, గేటు దగ్గర ఎదురుచూడడం మూడూ ఎడమ వైపు ఉన్నాయి, మూడూ జరిగాయి. వాటి పక్కన టిక్కు పెట్టండి. ఆ తరువాత ఆ డ్రైవరుకు కోపం లేని మాటలతో ఒక సందేశం పంపండి. ఆ రోజు కిరాయితో ఆ ఇంటికి బియ్యం వచ్చి ఉండవచ్చునని గుర్తుంచుకుని పంపండి.

ఫలితం మీ కళ్లముందే కనిపించాలన్న నియమమూ లేదు. ఈ సంఘం 1830లో స్థాపితమైంది. ఆ వేసవిలోనే సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ తమ్ముడు శామ్యూల్ స్మిత్ మోర్మన్ గ్రంథం ప్రతులు సంచిలో వేసుకుని కాలినడకన బయలుదేరాడు. మొదటి రోజు సుమారు 25 మైళ్లు నడిచాడు, వెళ్లిన చోటల్లా కాదన్నారు, సత్రం యజమాని కూడా గెంటివేయడంతో ఆ రాత్రి ఒక ఆపిల్ చెట్టు కింద పడుకున్నాడు. ఆ ప్రయాణంలో ఒక మెథడిస్టు బోధకుడైన జాన్ గ్రీన్ ఇంట్లో ఒక ప్రతి వదిలి, పెద్దగా ఏమీ సాధించలేదన్న భావంతోనే తిరిగి వచ్చాడు. ఆ గ్రీన్ భార్య రోడా, తరువాతి కాలంలో సంఘానికి రెండవ అధ్యక్షుడైన బ్రిగమ్ యంగ్‌కు అక్క. శామ్యూల్ పంచిన ప్రతులు ఆ కుటుంబంలో చేతులు మారాయి, బ్రిగమ్ యంగ్ 1832లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆపిల్ చెట్టు కింద పడుకున్న రాత్రి శామ్యూల్‌కు ఇవేవీ తెలియవు.

ఇంకా దగ్గరి ఉదాహరణ మనకే ఉంది. రిచర్డ్ బాలంటైన్ అనే మిషనరీ 1853లో అమెరికా నుంచి ఓడలో వచ్చి మద్రాసులో దిగాడు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా భాగమే. ఏడాది పాటు కరపత్రాలు అచ్చువేసి, పత్రిక నడిపి, బోధించి, కొద్దిమందికి మాత్రమే బాప్తిస్మం ఇచ్చి 1854లో తిరిగి వెళ్లిపోయాడు. ఆ తరువాత కొద్దికాలానికే ఆ మిషను మూతపడింది. ఒక శతాబ్దానికి పైగా గడిచాక, సమోవాలో ఉద్యోగం చేస్తూ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో స్వల్పకాలిక మిషనరీలుగా హైదరాబాదు వచ్చారు, వారి బంధువులలో 22 మంది బాప్తిస్మం పొందారు. ఎల్సీగారి తండ్రి బాప్టిస్టు బోధకుడు; మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించినది ఆయనే. 2012లో భారతదేశంలోనే మొదటి స్టేకు (అనేక స్థానిక సమాజాలు కలిసిన విభాగం) హైదరాబాదులో ఏర్పడింది. ఈ వరుసలో ఎవరి వంతు పని వారు చేశారు, ఎక్కువమంది ఫలితం చూడలేదు. ఒక్క ఆత్మను తెచ్చినా తండ్రి రాజ్యంలో మీ ఆనందం ఎంత గొప్పదో కదా అని సంఘపు మరొక లేఖన గ్రంథమైన సిద్ధాంతము మరియు నిబంధనలు 18వ ప్రకరణంలో చెప్పిన మాటను ఈ చరిత్ర పక్కన పెట్టుకుని చదవండి. ఆ ఒక్క ఆత్మ మీదే కావచ్చునన్న సంగతి కూడా మరవకండి.

రోజును గంటలుగా మోయండి

ఇంకా 17 నెలలు ఉన్నాయనే లెక్క మోయలేని లెక్క. గోడ మీది క్యాలెండరులో రోజులు కొట్టివేయడం మానండి. ప్రతి కలయికకూ ముందుగానే రెండవ ప్రణాళిక ఒకటి రాసి ఉంచుకోండి: ఈ ఇంట్లో ఎవరూ లేకపోతే ఆ వీధిలోనే ఉన్న ఫలానా సభ్యుల ఇంటికి వెళ్దాం, వారూ లేకపోతే పార్కు బల్ల మీద కూర్చుని భాష చదువుకుందాం అని. తాళం వేసిన తలుపు ముందు ఇప్పుడేం చేద్దాం అని నిలబడిపోయే ఆ పది నిమిషాలే మనసును ఎక్కువగా కుంగదీస్తాయి. ఎవరిని ఎక్కడ ఎలా కలవవచ్చో ఆ ప్రాంత మిషనరీలందరినీ చూసుకునే మీ మిషను అధ్యక్షుడు పెట్టిన హద్దులు మాత్రం దాటవద్దు. మన దేశంలో ఆ హద్దులకు చట్టపరమైన కారణాలూ, సభ్యుల క్షేమానికి సంబంధించిన కారణాలూ ఉంటాయి.

వరుసగా కాదనిపించుకున్న రోజున ఆల్మా 8వ అధ్యాయం చూడండి. అమ్మోనైహా అనే పట్టణపు ప్రజలు ప్రవక్త ఆల్మా మీద ఉమ్మివేసి ఊరి నుంచి వెళ్లగొట్టారు. దుఃఖంతో వెళ్లిపోతున్న అతనికి దూత కనిపించి, అదే ఊరికి తిరిగి వెళ్లమన్నాడు. ఆల్మా వేగంగా తిరిగి వెళ్లాడు, కానీ ఈసారి మరొక దారిన పట్టణంలో ప్రవేశించాడు. ఆ దారిలోనే అమ్యులెక్ అనే మనిషి ఎదురయ్యాడు, తన ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టాడు. ఫలించని పద్ధతినే పట్టుదలగా పదిసార్లు చేయమని ఈ అధ్యాయం చెప్పడం లేదు. పిలుపు అదే, ఊరు అదే, దారి మారింది. ఒక ప్రాంతంలో నెల రోజులు ఏ కదలికా లేకపోతే మీ మిషనరీ బృందానికి పెద్ద అయిన జిల్లా నాయకుడితో, చిన్న స్థానిక సమాజమైన బ్రాంచి అధ్యక్షుడితో కూర్చుని మరొక దారి ఏదో అడగండి.

ఆనందాన్ని మనుషుల దగ్గర వెతకండి

ఆనందం కలగాలని కూర్చుని ప్రార్థిస్తే వచ్చేది కొంతే. మనుషులను ప్రేమించడం మొదలుపెట్టాక వచ్చేది ఎక్కువ. ముందు చెప్పిన అమ్మోన్, లామానీయుల రాజు దగ్గరకు వెళ్లి మొదట బోధించలేదు, సేవకునిగా ఉంటానన్నాడు, మందలు కాశాడు, గుర్రాలను సిద్ధం చేశాడు. ఆ తరువాతే రాజు అతని మాట విన్నాడు. మీరూ వెళ్లిన ఇంట్లో పిల్లల పేర్లు, వారు చదివే తరగతులు, ఇంటి పెద్దావిడ మోకాళ్ల నొప్పి గుర్తుపెట్టుకోండి. నీళ్ల బిందె మోయవలసి ఉంటే మోయండి, పదో తరగతి పిల్లకు లెక్కలు చెప్పవలసి ఉంటే చెప్పండి. పాఠం వినిపించడానికి ఇది ఎర కాకూడదు. వారు పాఠం వద్దన్నా మీ సాయం తగ్గకూడదు. వద్దన్న తరువాత కూడా నవ్వుతూ పలకరించగలిగిన మిషనరీకి నిరుత్సాహం ఎక్కువ కాలం అంటదు.

భాష నేర్చుకోవడం కూడా ప్రేమలో భాగమే. తమిళనాడుకో ఉత్తరాదికో పంపబడిన తెలుగువారు ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చునని మొదట్లో అనుకుంటారు. అయితే ఒక అవ్వ తన కొడుకు చనిపోయిన సంగతి చెప్పేటప్పుడు తన భాషలోనే చెబుతుంది, అప్పుడు మీకు ఆ భాష కావాలి. రోజుకు పది కొత్త మాటలు చాలు, కానీ ఆ పదింటినీ ఆ రోజే ఎవరితోనైనా వాడండి. తప్పులు దొర్లితే వారు నవ్వుతారు, ఆ నవ్వుతో తలుపులు తెరుచుకుంటాయి. రాత్రి దినచర్య పుస్తకంలో ఆ రోజు ప్రభువు చేయి ఎక్కడ కనిపించిందో రెండు వాక్యాలు రాయండి. ‘ఈ రోజు బాగా గడిచింది’ అని కాకుండా ఎవరు, ఎక్కడ, ఏమన్నారు అని రాయండి. నెల తరువాత తిరగేసినప్పుడు మిమ్మల్ని నిలబెట్టేవి ఆ వివరాలే.

సహచరుడితో మాట దాచుకోకండి

రోజంతా పక్కనే ఉండే మనిషితో పొసగకపోవడం కంటే అలసట కలిగించేది మరొకటి లేదు. అతను మిజోరం నుంచో, తమిళనాడు నుంచో, సముద్రాల అవతలి నుంచో వచ్చి ఉండవచ్చు. పులుపు, కారం, శుభ్రత, సమయపాలన, మౌనం, పాట, అన్నిటిలోనూ అలవాట్లు వేరు. వారాంతపు ప్రణాళిక చివర సహచరులు ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకోవాలని మిషనరీలకు నేర్పేది ఇందుకే, ఆ పదిహేను నిమిషాలను ఎప్పుడూ ఎగవేయకండి. మొదట అతను చేసిన ఒక మంచి పనిని పేరు పెట్టి చెప్పండి. తరువాత మీకు ఇబ్బంది కలిగిన ఒకే ఒక్క విషయం చెప్పండి, పాత వారాల చిట్టా విప్పకండి. చివరగా ‘నా వల్ల నీకు ఏది కష్టంగా ఉంది?’ అని అడిగి, జవాబు విన్నాక వెంటనే సమర్థించుకోకుండా ఆ రాత్రికి ఊరుకోండి. మాట తూలడం, చేయి చేసుకోవడం, నియమాలు మీరడం వంటివి ఉంటే మాత్రం సర్దుకుపోవడం ధర్మం కాదు, మిషను అధ్యక్షుడికి ఆ రోజే చెప్పండి.

ఇంటితో మాట్లాడే విధం

2019 ఫిబ్రవరి నుంచి మిషనరీలు ప్రతి వారం సిద్ధపాటు దినాన ఇంటికి ఫోను చేయవచ్చు, వీడియోలో చూసుకోవచ్చు. అంతకు ముందు సంవత్సరానికి రెండుసార్లు మాత్రమే ఆ అవకాశం ఉండేది. ఈ సౌకర్యం ఎంత ఊరటనిస్తుందో, తప్పుగా వాడితే అంత బెంగనూ పెంచుతుంది. మాట్లాడే ముందు ఆ వారంలో జరిగిన ఒక మంచి సంగతి, ఒక కష్టం రాసిపెట్టుకోండి. రెండూ చెప్పండి. అంతా బాగుందని ప్రతి వారం నటిస్తే మీ అమ్మ మీ గొంతులోనే పట్టేసి, ఆ వారమంతా నిద్రపోదు. అలాగని ఆ క్షణంలో పొంగిన కన్నీటితో ‘వచ్చేస్తాను’ అనేసి ఫోను పెట్టేస్తే ఇంటిల్లిపాదీ తల్లడిల్లుతారు. వచ్చేయాలన్న ఆలోచన నిజంగా ఉంటే ముందు మిషను అధ్యక్షుడితో మాట్లాడి, తరువాత ఇంటికి చెప్పండి.

మన కుటుంబాల నుంచి వచ్చే ఒత్తిడి కొంత వేరుగా ఉంటుంది. బి.టెక్ పూర్తిచేసి రెండేళ్లు ఖాళీ పెట్టుకుంటే ఉద్యోగం ఎవరిస్తారని పెదనాన్న అడుగుతారు, సిస్టర్లకైతే సంబంధాల మాట మొదలవుతుంది. ఇంట్లో అందరూ వేరే సంఘంలోనో వేరే మతంలోనో ఉంటే, ఈ పిలుపు వారికి అర్థం కాకపోవడం సహజం. వారితో వాదించకండి. మీరు నేర్చుకుంటున్న భాష, పదిమందిలో మాట్లాడే తీరు, వేళకు లేచే క్రమశిక్షణ గురించి చెప్పండి, వారి ఆరోగ్యం అడగండి. ఇది చదువుతున్న తల్లిదండ్రులకు కూడా ఒక మనవి: ‘ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చావు నాన్నా?’ అని అడగకండి. ‘ఈ వారం ఎవరిని కలిశావు?’ అని అడగండి.

ప్రార్థనను శిక్షగా మార్చుకోకండి

కృంగిన రోజున ప్రార్థన చిన్నదైనా ఫరవాలేదు, నిజమైనది అయితే చాలు. ‘తండ్రీ, ఈ రోజు నాకు బయటకు వెళ్లాలని లేదు, ఒక్క ఇంటి వరకు నాతో రండి’ అనవచ్చు. ఆదివారం సంస్కారపు రొట్టె, నీళ్లు తీసుకునేటప్పుడు గడచిన వారపు లోపాలను అక్కడ వదిలిపెట్టి లేవండి. నియమాలకు విధేయత అవసరమే. అయితే ఐదు నిమిషాలు ఆలస్యంగా లేచినందువల్లే ఫలానా కుటుంబం బాప్తిస్మం తీసుకోలేదని లెక్కలు కట్టే మిషనరీలు ఉంటారు. దేవుడు అలా ఒకరి చిన్న లోపానికి మరొకరి రక్షణను తాకట్టు పెట్టేవాడు కాడు. ఒప్పుకున్న తప్పును మళ్లీ మళ్లీ ఒప్పుకోవాలనిపించడం, ఎంత ప్రార్థించినా క్షమాపణ దొరకలేదన్న భయం రోజుల తరబడి వేధించడం ఆందోళన వ్యాధి లక్షణం కావచ్చు, దాన్ని కింద చెప్పిన విధంగా చూడండి.

ఇది అనారోగ్యమైతే

గోర్డన్ హింక్లీ 1933లో ఇంగ్లండులోని ప్రెస్టన్‌కు మిషనరీగా వెళ్లాడు. ఆరోగ్యం బాగోలేదు, వినేవారు లేరు. నా కాలమూ మీ డబ్బూ వృథా చేస్తున్నానని తండ్రికి ఉత్తరం రాశాడు. నిన్ను నీవు మరచి పనిలోకి దిగమని తండ్రి ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు. ఆ రోజు మోకరించి ప్రార్థించిన ఆ యువకుడే 1995లో సంఘ అధ్యక్షుడయ్యాడు. ఈ ఉదంతం ప్రతి మిషనరీకీ ఎవరో ఒకరు చెబుతారు. తన గురించే ఆలోచిస్తూ ఆగిపోయిన మనిషికి ఇది మంచి మందు. కానీ వ్యాధితో కృంగిన మనిషికి ఇదే మందు వేస్తే హాని జరుగుతుందని గట్టిగా చెప్పదలచాను. జ్వరం వచ్చినవాడికి నిన్ను నీవు మరచిపో అని చెప్పి ఎండలోకి పంపము కదా.

రెండు వారాలకు పైగా ఏ పనిలోనూ ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా మంచం దిగలేకపోవడం, ఆకలి చచ్చిపోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం, గుండె దడతో ఊపిరి ఆడనట్టు ఉండడం కనిపిస్తే మిషను అధ్యక్షుడికి చెప్పండి. ప్రతి వారం ఆయనకు రాసే ఉత్తరం ఇలాంటి మాటల కోసమే ఉంది. చాలా మిషనులలో ఆరోగ్య విషయాలు ఆయన భార్య చూస్తారు, సిస్టర్లకు ఆమెతో మాట్లాడడం తేలికగా ఉంటుంది. మానసిక ఆరోగ్య సలహాదారుతో మాట్లాడే ఏర్పాటు వారు చేయగలరు. ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఏవైనా మందులు వాడి ఉంటే ఆ సంగతి దాచకండి, వైద్యుడు చెప్పకుండా మందులు ఆపకండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మరుసటి ఉదయం దాకా ఆగవద్దు, పక్కనే ఉన్న సహచరుణ్ణి లేపండి, మిషను అధ్యక్షుడికి ఫోను చేయండి. భారతదేశంలో ఎక్కడున్నా టెలి మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మీ సహచరుడు అలాంటి మాట అంటే అతన్ని ఒంటరిగా వదలకండి, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి.

వైద్యుల సలహా మీద గడువుకు ముందే ఇంటికి రావలసి వస్తే, మీరు సమర్పించిన నెలలు సమర్పించినవే. మన ఊళ్లలో స్టేషనులో దిగిన రోజే ‘ఎందుకు వచ్చేశావు?’ అన్న ప్రశ్న మొదలవుతుంది. ‘ఆరోగ్యం బాగోక వచ్చాను, చికిత్స జరుగుతోంది’ అన్న ఒక్క వాక్యం సిద్ధం చేసుకోండి, అంతకు మించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. మొదటి వారంలోనే స్టేకు అధ్యక్షుడినో, మీ ప్రాంతం ఇంకా స్టేకు కాక, బ్రాంచిల సమూహమైన జిల్లా అయితే మిషను అధ్యక్షుడినో కలవండి. కోలుకున్న తరువాత తిరిగి వెళ్లే అవకాశం గురించీ, ఇంటి దగ్గరే ఉండి చేసే సేవా మిషను గురించీ వారు వివరిస్తారు. వార్డులో (పెద్ద స్థానిక సమాజంలో), బ్రాంచిలో ఉన్న పెద్దలు ఆ ఆదివారం ఆ పిల్లవాడి పక్కన ఖాళీ కుర్చీ లేకుండా చూసుకుని, ఆరాధన అయ్యాక భోజనానికి ఇంటికి పిలవండి.